సుధనుడి దారి: పరదేశ విద్యపై ఒక తాత్త్విక విచారణ

విద్య కోసం పుట్టిన ఊరిని, పెరిగిన భాషను విడిచి దూరదేశానికి వెళ్లడం జ్ఞానానికి నిజంగా అవసరమా, లేక అది బతుకుతెరువుకు మాత్రమే పనికివచ్చే ఏర్పాటా అనే ప్రశ్న పైకి లౌకికంగా కనిపించినా, లోతుకు వెళ్తే తత్త్వశాస్త్రానికి చెందినదే. సత్యం అన్ని చోట్లా ఒకటే అయితే దాన్ని వెతుక్కుంటూ సముద్రాలు దాటవలసిన పని లేదు. ఒక చోట దొరికి మరొక చోట దొరకనిదైతే దాన్ని సత్యమనడానికే వీల్లేదు. ఈ చిక్కును విప్పడానికి కావలసిన ఆలోచనా సామగ్రిలో అధిక భాగం కృష్ణా తీరంలో రూపుదిద్దుకుని, చైనా మీదుగా కొరియా చేరి, అక్కడ పదమూడు శతాబ్దాలకు పైగా సజీవంగా నిలిచి ఉంది కనుక, నేడు కొరియాకు చదువుకోవడానికి వెళ్లే తెలుగు విద్యార్థి తన ప్రశ్నకు జవాబును పరాయి సంపదలో వెతుక్కోనక్కరలేదు.

హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడను ఆనుకుని ఉన్న రహమత్ నగర్ వంటి బస్తీలో కొరియా అన్న మాట మొదట వినిపించేది వినోదం ద్వారానే. ఫోన్లలో చూసే కొరియన్ ధారావాహికలు ఒక వైపు ఉండగా, దగ్గరలోని ఫిల్మ్ నగర్ పరిశ్రమ కూడా ‘మిస్ గ్రానీ’ అనే కొరియన్ చిత్రాన్ని 2019లో ‘ఓ! బేబీ’గా తెలుగు చేసింది. అటువంటి బస్తీలో పెరిగిన విద్యార్థి కొరియా ప్రభుత్వం ఇచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ సంపాదించుకుంటే, సాధారణంగా మొదటి ఏడాదంతా భాష నేర్చుకుని, టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో కనీసం మూడో స్థాయి సాధించాకే డిగ్రీ చదువులోకి అడుగుపెడతాడు. అంటే తన దేశంలో చదువరి అనిపించుకున్నవాడు అక్కడ మళ్లీ అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టాలి. ఈ వినమ్ర స్థితి నుంచే అసలు తాత్త్విక ప్రశ్న పుడుతుంది.

మహాయాన బౌద్ధ సాహిత్యంలో విద్యార్థి ప్రయాణాన్నే కథావస్తువుగా చేసుకున్న గ్రంథం ‘గండవ్యూహ సూత్రం’. అవతంసక సూత్రమనే బృహద్గ్రంథానికి ఇది చివరి భాగం. ఇందులో కథానాయకుడు సుధనుడనే శ్రేష్ఠి కుమారుడు. ఇతని ఊరైన ధన్యాకరం నేటి అమరావతిని ఆనుకుని ఉన్న ధరణికోట, అంటే ప్రాచీన ధాన్యకటకమేనని పలువురు పండితులు భావించారు. మంజుశ్రీ బోధిసత్త్వుని ఉపదేశంతో బయలుదేరిన సుధనుడు యాభై ముగ్గురు కల్యాణమిత్రులను, అంటే మేలుకోరి దారి చూపే స్నేహితుల వంటి గురువులను, ఒకరి తరువాత ఒకరిని దర్శిస్తాడు. వారిలో భిక్షువులు, రాజులతో పాటు నావికుడు, సుగంధ ద్రవ్యాల వర్తకుడు, కంసాలి, వసుమిత్ర అనే గణిక, ఇసుకలో ఆడుకుంటూ గణితం బోధించే బాలుడు కూడా ఉన్నారు. ప్రతి గురువూ తనకు తెలిసినదంతా బోధించి, తనకు తెలిసింది ఇంతేనని, మిగిలింది ఫలానా చోట ఫలానా వారిని అడగమని చెప్పి పంపడం ఈ గ్రంథంలో ఎంతో విలువైన అంశం. ఏ ఒక్కరి దగ్గరా జ్ఞానం సంపూర్ణంగా లేదు, ఎవరి దగ్గరా అది పూర్తిగా లేకపోలేదు. ప్రయాణం అవసరమయ్యేది ఈ కారణం చేతనే.

కొరియన్లు ఈ సుధనుణ్ణి సొంత బిడ్డగా చేసుకున్నారు. గొర్యో రాజుల కాలంలో, ముఖ్యంగా 14వ శతాబ్దంలో, పట్టు వస్త్రంపై చిత్రించిన జలచంద్ర అవలోకితేశ్వరుని పటాల్లో, సముద్రపు ఒడ్డున రాతి మీద ఒక కాలు మడిచి, పలుచని మేలిముసుగులో ఆసీనుడైన బోధిసత్త్వుడు పటమంతా పరుచుకుని ఉండగా, దిగువ మూలన ఎంతో చిన్నగా గీసిన ఒక బాలుడు చేతులు జోడించి పైకి చూస్తూ కనిపిస్తాడు. ఆ బాలుడే దక్షిణ సముద్ర తీరంలోని పోతలక పర్వతానికి చేరుకున్న సుధనుడు. చిత్రకారుడు గురువును అంత పెద్దగా, శిష్యుణ్ణి అంత చిన్నగా గీయడం శిష్యుణ్ణి తక్కువ చేయడానికి కాదు, నేర్చుకోవడానికి వచ్చినవాడు ఎలా నిలబడాలో చూపడానికి. 1993లో జాంగ్ సన్-ఊ అనే దర్శకుడు అవతంసక సూత్రం పేరుతోనే ఈ బాలుని అన్వేషణను నేటి కొరియాలో జరిగే కథగా తెరకెక్కించాడు. కృష్ణా తీరపు కుర్రవాడు సియోల్ చిత్ర పరిశ్రమకు కథానాయకుడు కావడం ఫిల్మ్ నగర్ రచయితలు మనసు పెట్టి ఆలోచించదగిన విషయం.

సుధనుని కథ వెనుక ఉన్న సిద్ధాంతాన్ని తర్కబద్ధంగా నిరూపించినవాడు, తెలుగు నేలతో సంప్రదాయం ముడివేసిన ఆచార్య నాగార్జునుడు. ‘మూలమధ్యమక కారిక’ల్లో ఆయన ప్రతిపాదించిన శూన్యతకు ఏమీ లేకపోవడమని అర్థం కాదు, ఏ వస్తువుకూ మరొకదానితో సంబంధం లేకుండా తనంతట తాను నిలిచే స్వభావం లేదని, ప్రతిదీ హేతువులను, పరిస్థితులను ఆశ్రయించి పుడుతుందని అర్థం. దీనినే ప్రతీత్యసముత్పాదం అంటారు. ఈ దృష్టితో చూస్తే స్వదేశం, పరదేశం అనే గుణాలు భూమిలో లేవు, చూసేవాని సంబంధాల్లో ఉన్నాయి. అయినా నాగార్జునుడు రెండు సత్యాలను అంగీకరించాడు: లోకవ్యవహారంలో చెల్లే సంవృతి సత్యం ఒకటి, పరమార్థ సత్యం మరొకటి, మొదటిదాన్ని ఆశ్రయించకుండా రెండోదాన్ని బోధించడం సాధ్యం కాదన్నాడు. కనుక దేశాల మధ్య భేదం పరమార్థంలో నిలవకపోయినా, ఇల్లు విడిచిన విద్యార్థి బెంగ మాత్రం అబద్ధం కాదు.

ఈ సిద్ధాంతాన్ని ఆచరణలో చూపిన చరిత్ర తెలుగు నేలకు ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో నాగార్జునకొండలో ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనం, సింహళ భిక్షువుల కోసం నిర్మించిన చైత్యగృహాన్ని ప్రస్తావిస్తూ, వారు ధర్మాన్ని చేర్చిన దేశాల వరుసలో కాశ్మీర, గాంధార, చీనాలను కూడా పేర్కొంటుంది. 7వ శతాబ్దంలో ధాన్యకటకానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఇద్దరు స్థానిక భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మాన్ని అభ్యసించగా, వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు నేర్చుకున్నారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. అతిథి శిష్యుడూ అయ్యాడు, గురువూ అయ్యాడు.

ఇక కొరియా వైపు నుంచి ఈ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో మొదటిది వోన్‌హ్యో, ఉయిసాంగ్ అనే ఇద్దరు మిత్రుల కథ. సిల్లా రాజ్యానికి చెందిన ఈ ఇద్దరు భిక్షువులు 661లో చైనాలో చదువుకోవడానికి బయలుదేరారు. దారిలో వానకు ఒక గుహలో తలదాచుకున్న వోన్‌హ్యో రాత్రి చీకట్లో దాహం తీర్చుకున్న నీరు తెల్లవారి చూస్తే పుర్రెలోదని తెలిసి వాంతి చేసుకున్నాడని, రాత్రి తియ్యగా ఉన్న నీరే పగలు అసహ్యం పుట్టించింది కనుక భేదమంతా చిత్తంలోనే ఉందని గ్రహించి వెనుదిరిగాడని తరువాతి సంప్రదాయం చెబుతుంది. ఉయిసాంగ్ మాత్రం ముందుకు సాగి, చైనాలో అవతంసక ఆచార్యుడు ఝీయాన్ వద్ద చదివి, తిరిగివచ్చి 676లో బుసొక్‌సా ఆలయాన్ని స్థాపించి, కొరియాలో అవతంసక సంప్రదాయానికి ఆద్యుడయ్యాడు.

ఈ కథను ఆధారం చేసుకుని ప్రయాణం అనవసరమని వాదించడం సులభమే గానీ, ఆ వాదం రెండు విషయాలను మరిచిపోతుంది. వోన్‌హ్యో మేలుకొన్నది ఇంట్లో కాదు, దారిలో, తనకు అలవాటైనదేదీ తోడు లేని గుహలో. ఆ తరువాత ఆయన వ్యాఖ్యానాలు రాసిన గ్రంథాలన్నీ ఎవరో ఒక యాత్రికుడు మోసుకొచ్చినవే. చిత్తమే సర్వమన్న జ్ఞానం కూడా ప్రయాణాన్ని ఆశ్రయించే పుట్టింది. వెళ్లినవాడు, ఆగినవాడు పరస్పరాధారాలు.

రెండో జవాబు హ్యేచో అనే యువ భిక్షువుది. 8వ శతాబ్దం మొదట్లో సిల్లాలో పుట్టి, చైనాలో వజ్రబోధి వద్ద చదివి, సముద్ర మార్గాన భారతదేశానికి వచ్చి, 727లో మధ్య ఆసియా మీదుగా తిరిగి చైనా చేరిన ఇతని యాత్రా గ్రంథం శతాబ్దాల తరబడి కనిపించకుండా పోయి, 1908లో దున్‌హువాంగ్ గుహల్లో ఫ్రెంచి పండితుడు పెలియోకు దొరికింది. దక్షిణ దేశపు కొండల్లో నాగార్జునుడు కట్టించాడని చెప్పుకునే మహా విహారం ఒకటి ఉందని, ఒకప్పుడు మూడు వేల మంది భిక్షువులు ఉన్న అది తన కాలానికి నిర్జనమైందని అతడు రాశాడు. ఆ దక్షిణాపథంలోనే వెన్నెల రాత్రి స్వదేశపు దిక్కు చూసి బెంగపడుతూ పద్యం కూడా చెప్పుకున్నాడు. శూన్యతా సిద్ధాంతం చదివినవాడు, దాన్ని బోధించిన ఆచార్యుని నేలకు వచ్చినవాడు, తన దుఃఖాన్ని దాచుకోలేదు. మమకారం హేతువుల వల్ల పుట్టినదని తెలుసుకోవడం వేరు, అది లేనట్లు నటించడం వేరు. తెలుసుకున్నవానికి బెంగ బంధం కాదు, తనను తీర్చిదిద్దిన సంబంధాల పట్ల కృతజ్ఞత.

నేటి విద్యార్థికి ఈ విచారణ బాగా ఉపయోగపడేది మతాచారం విషయంలో. రహమత్ నగర్‌లో అజాన్ పిలుపు, ఆషాఢంలో బోనాల డప్పు, డిసెంబరులో గుమ్మాల ముందు వేలాడే క్రిస్మస్ నక్షత్రం ఎవరూ అడగకుండానే ప్రతి ఇంటినీ చేరతాయి. భక్తిలో సగభాగాన్ని బస్తీయే మోస్తుంది. కొరియాలోని దేజాన్ నగరంలో హాస్టల్ గదిలో ఆ మోత అంతా ఒక్కని భుజాల మీద పడుతుంది. ఉపవాసం ఉంటే గుర్తుచేసేవారు లేరు, మానేస్తే ప్రశ్నించేవారు లేరు. అప్పుడు తాను ఇన్నాళ్లూ చేసినదాంట్లో నమ్మకమెంత, వాడకట్టు అలవాటెంత అని మొదటిసారి తేల్చుకోవలసి వస్తుంది. అయితే వాడకట్టు నుంచి వచ్చిన విశ్వాసం బూటకమని తీర్మానించడం తొందరపాటే. విశ్వాసం కూడా ఆశ్రయించి పుట్టేదే కనుక దానికి కొత్త ఆశ్రయం కావాలి. 1976లో సియోల్‌లోని ఇతెవోన్ కొండ మీద వెలసిన మసీదులో శుక్రవారం నమాజుకు నానా దేశాల విద్యార్థులు చేరడంలో ఉన్న అర్థం ఇదే.

పరాయి ఆచారంలోకి ప్రవేశించినప్పుడు మరో కోణం తెరుచుకుంటుంది. 2002 నుంచి కొరియా ఆలయాలు సందర్శకులకు కల్పిస్తున్న టెంపుల్ స్టే అనే వసతిలో, సంప్రదాయ భోజన పద్ధతి పాటించే చోట, ఒకదానిలో ఒకటి ఇమిడే నాలుగు గిన్నెల్లో మౌనంగా భోజనం చేయాలి. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ వంటి అయిదు ఘాటైన పదార్థాలు ఆ వంటలో నిషిద్ధం. చివర ఒక ముల్లంగి ముక్కతో, కొద్దిపాటి నీటితో గిన్నెలను తుడిచి, ఆ నీటిని కూడా తాగేయాలి. ఎంగిలి పట్టింపుతో పెరిగిన తెలుగు విద్యార్థికి ఆ నీరు గొంతు దిగడం తేలిక కాదు. వోన్‌హ్యోకు గుహలో ఎదురైన ప్రశ్నే ఇక్కడ గిన్నెలో ఎదురవుతుంది. తినేవాటిలో ఒక మెతుకు కూడా వృథా కారాదన్న భావం తన అమ్మమ్మ కూడా నేర్పినదేనని గుర్తిస్తే ఆచారం వేరైనా ఆశయం ఒకటేనని తెలుస్తుంది, తన పట్టింపుకు కారణం పదార్థంలో లేదనీ తెలుస్తుంది.

ఈ విచారణను బట్టి తేలేది ఒకటి: సత్యం కొరియాలో ఎక్కువగా, ఇక్కడ తక్కువగా లేదు; అయినా అలవాటును సత్యమనుకునే పొరపాటు, ఆ అలవాటు చెల్లని చోటికి వెళ్తే తప్ప సులభంగా బయటపడదు. అక్కడిదంతా గొప్పదని వచ్చినవాడు, మనదే గొప్పదని వచ్చినవాడు ఇద్దరూ దేశాలకు మార్పులేని స్వభావాన్ని అంటగట్టినవారే కనుక, ఇద్దరి ప్రయాణమూ అసంపూర్ణం. పరదేశ విద్య ఫలించిందా లేదా అనడానికి కొలమానం డిగ్రీ కాదు, జీతం అంతకంటే కాదు. తిరిగివచ్చినవాడు తన వద్దకు వచ్చిన తరువాతి విద్యార్థికి తెలిసినంత చెప్పి, తెలియనిదాని కోసం మరొకరి వద్దకు నిజాయితీగా పంపగలిగితే అతడు కల్యాణమిత్రుల వరుసలో చేరాడని, ధాన్యకటకం నుంచి మొదలైన ఆ దారిని మరో అడుగు ముందుకు నడిపాడని చెప్పవచ్చు.