కూలి యిచ్చి మనస్సు నడుగవచ్చునా?

యజమాని కూలి యిచ్చి కొనునది పనివాని కాలమును, చేతినేర్పును. ఇది యిరువురకును దెలిసిన యొడంబడిక. అయినను నేటి యజమానులకు దీనితో దృప్తి లేదు. ఉద్యోగి తన పనియందు మనసార లగ్నుడై యుండవలెననియు, సంస్థ మేలును తన మేలుగా భావింపవలెననియు వారి కోరిక. ఈ కోరిక తప్పని మేమనము. మనసు పెట్టని పని మొదట చేయువానికే భారము. కాని కూలి యిచ్చినవాడు మనస్సును గూడ నడుగుటకు హక్కు గలవాడా? గలిగినచో నెట్టి నిబంధనపైన?

ధనమే యీ చిక్కును విప్పునని తలచినవారు గలరు. హెన్రీ ఫోర్డు 1913లో అమెరికాలోని హైలాండు పార్కు కర్మాగారమున, కదలెడు వరుసపై కార్లను గూర్చు పద్ధతిని బ్రవేశపెట్టెను. ఒక్కొక్కనికి ఒక చిన్న పని, దినమంతయు నదియే. పనివారు నిలువలేదు. సుమారు 14,000 మంది చాలు చోట ఆ యేడు 52,000 మందిని జేర్చుకొనవలసి వచ్చెను. 1914 జనవరిలో ఆయన దినమునకు 5 డాలర్ల కూలిని బ్రకటించి, పనిని 9 గంటలనుండి 8 గంటలకు దగ్గించెను. జనము నిలిచిరి. అయితే ఆ కూలికి అర్హుడెవ్వడో తేల్చుటకు సంస్థ పంపిన పరిశీలకులు పనివారి యిండ్లకు బోయి త్రాగుడు, పొదుపు, శుభ్రత మున్నగునవి విచారించెడివారు. మనుష్యులు నిలిచినంత మాత్రమున మనస్సులు నిలిచినవని మేము చెప్పజాలము.

ఆదరముతో మనస్సు లభించునన్నది రెండవ వాదము. షికాగో చెంత సిసిరోలో వెస్టరన్ ఎలక్ట్రిక్ సంస్థకు హాథార్న్ అను పెద్ద కర్మాగార ముండెను. అచట 1927లో టెలిఫోను రిలేలను గూర్చు కొందరు యువతులను ప్రత్యేకమైన గదిలో నుంచి, విరామములను, పనిగంటలను మార్చుచు బరీక్షించిరి. మొత్తముమీద ఉత్పత్తి హెచ్చుచు వచ్చెను. తమ్మొకరు శ్రద్ధతో గమనించుచున్నారని తోచినచో పనివారు మనసు పెట్టుదురని లోకము దీనినుండి గ్రహించెను. నిర్వాహకులకు నేటికిని జెప్పు కథ యిదియే. కాని యందు రెండు సంగతులు మెల్లగా జారిపోయినవి. ఆ గదిలోనివారి కూలి, పెద్ద విభాగపు లెక్కను గాక, తమ చిన్న జట్టు చేసిన పనిని బట్టి కట్టబడెను. మరియు 1928 ఆరంభమున, మాటలు మితిమీరినవనియు సహకారము చాలలేదనియు, ఇద్దరిని దొలగించి వేఱిద్దరిని దెచ్చిరి. మాటలాడినవారిని బంపివేసి, మిగిలినవారి యుత్సాహమును గొలిచి, దానిని ఆదరమునకు ఫలమనుట మాకు వింతగా దోచుచున్నది!

ఆపై నచటనే 20,000 మందికి మించిన పనివారిని బిలిచి వారి కష్టసుఖములను వినిరి. వినుట మంచిదే, చెప్పుకొన్నవానికి గుండె తేలికపడును. కాని విన్న తరువాత నేమి చేయుటకును, మానుటకును అధికార మంతయు యాజమాన్యమునదే. నేడు మన నగరములలోని సాఫ్టువేరు కార్యాలయములందు ఉద్యోగులచే నింపించు ప్రశ్నపత్రములు నీ వంశమునకు జెందినవే. పేరు వ్రాయ నక్కరలేదందురు. ఆరుగురే యున్న జట్టులో ఎవరి మాట యెవరిదో పోల్చుట యెంత పని? అందుచే ‘మిగుల సంతృప్తి’ యని గీటు పెట్టి లేచువారు లేకపోలేదు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు కథ వేఱు. అచట జనరల్ మోటార్సు వారి కర్మాగారమున పనివారిలో సుమారు నూటికి ఇరువదిమంది యే దినమునకు ఆ దినము రాకయుండెడివారు. 1982లో దానిని మూసివేసిరి. 1984లో టొయోటా వారు జనరల్ మోటార్సుతో గలసి దానిని మరల దెఱచి, అధికభాగము పాత పనివారినే చేర్చుకొనిరి. యూనియను నదియే. రానివారి సంఖ్య నూటికి రెండు మూడునకు దిగెను. మాఱినది ముఖ్యముగా రెండు విషయములలో. పూర్వము వరుసను నిలుపుట మహాపరాధము; ఇపుడు లోపమును జూచిన యే పనివాడైనను తల పైనున్న తాడును లాగవచ్చును. జట్టు నాయకుడు పరుగెత్తి వచ్చును. తగిన వ్యవధిలో లోపము దీరనిచో వరుస యంతయు నిలుచును. రెండవది, పనివారిని దొలగించుటకు ముందు అధికారుల జీతములను దగ్గింతుమని యొడంబడికలో వ్రాసిరి. 1988లో అమ్మకములు పడిపోయినపుడు ఎవ్వరిని దొలగింపక మిగులు పనివారికి శిక్షణ నిచ్చిరి.

తాడు చేతికిచ్చినచో పనివాడు ఊరక లాగుచుండడా యని యజమానులు శంకింతురు. ఈ శంకకు, పనికే రాక యెగవేయుదురని పేరుపడిన ఆ మనుష్యులకంటె మేలైన సమాధానము మాకు దోచదు. అటులని ఫ్రీమాంటును స్వర్గముగా వర్ణింపము. నిమిషమున కొకసారి చేసిన పనియే చేయవలెను. వేగము హెచ్చినదని బాధపడినవారును గలరు. 2009లో జనరల్ మోటార్సు తప్పుకొనెను. 2010లో టొయోటా కర్మాగారమును మూసెను. మనసు పెట్టి పనిచేసినవారికి వరుసను నిలుపు నధికారము దొరకెను గాని, కర్మాగారమును నిలుపుకొను నధికారము దొరకలేదు. అందుచే నక్కడి నిబంధనయు మాకు సగమే న్యాయముగా గనబడుచున్నది.

మనస్సు నడుగువాడు కూలితో బాటు నిర్ణయములో భాగమును గూడ నీయవలెనని మా మతము. ఇది మన దేశమునకు గ్రొత్త మాట గాదు. పరిశ్రమల నిర్వహణమున కార్మికులకు భాగముండవలెనని 1976లో 42వ సవరణచే రాజ్యాంగమున 43-ఏ అధికరణమును జేర్చిరి. అది ఆదేశిక సూత్రములలోనిది. న్యాయస్థానమున కెక్కి దానిని సాధించుకొనుటకు వీలులేదు. కావున అట్టి తాడును వ్రేలాడదీయుటయు, ప్రశ్నపత్రముతో సరిపెట్టుటయు యజమాని యిచ్చకే విడువబడి యున్నవి.