సముద్రం వినబడే చోటు

"గది ఎలా ఉన్నా ఫరవాలేదు అమ్మాయ్, పడుకుంటే సముద్రం వినబడాలి" అంది అమ్మ, బాళగనూరులో బస్సెక్కేటప్పుడు. ఎనభై దాటిన మనిషి. రాజోలు వైపు పుట్టి, పెళ్ళయిన కొత్తలో నాన్నతో తుంగభద్ర ఎడమ కాల్వ కిందికి వచ్చేసింది. 1953లో డ్యామ్ పూర్తయ్యాక గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఇలా వచ్చినవాళ్ళవే సింధనూరు చుట్టుపక్కల మా తెలుగు క్యాంపులన్నీ. అంతర్వేది తీర్థానికి మళ్ళీ వెళ్ళాలన్నది అమ్మకు అరవై ఏళ్ళ కోరిక.

మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. ఆ రెండు రోజులూ ఎక్కడ దిగాలి? నరసాపురం లాడ్జీలో మంచం, ఫ్యాను, కూర్చోవడానికి వీలైన మరుగుదొడ్డి ఉన్నాయి. కానీ ఆ జనంలో పంటు మీద సఖినేటిపల్లి రేవుకు దాటించి, మళ్ళీ వెనక్కి తీసుకురావడం అమ్మ మోకాళ్ళకు అయ్యే పని కాదు. దిండి రిసార్టు నా చేతికందేది కాదు. ఇక మిగిలింది సత్రం.

గుడికి దగ్గర్లోనే ఒక సత్రం గుమాస్తా పుస్తకం తెరిచి, ఊరి పేరు రాసుకుని, "మీరేవుట్లండి?" అన్నాడు. కులం చెబితే గది దొరికేదే. నేను చెప్పలేదు. అమ్మ సంచీ మీద కూర్చుని నావైపే చూస్తోంది. నా పట్టుదలకు ఆవిడ మోకాళ్ళు మూల్యం చెల్లించాలా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయినా నోరు రాలేదు. ఇప్పుడున్న గుడి 1823లో పూర్తయింది. కట్టించినవాడు కొపనాతి కృష్ణమ్మ, అగ్నికులక్షత్రియుడు, చేపల వేట మీద బతికే పల్లెకారుల కులస్థుడు. ఆయన కట్టించిన ఇంట్లో స్వామి ఉంటున్నాడు. ఆ గుడి నీడలో భక్తుణ్ణి కులం అడిగి లోపలికి రానివ్వడమేమిటి? అది సౌకర్యం కాదు, అపచారం. మా వాళ్ళ సత్రమైనా ఇదే మాట అంటాను.

చివరికి పల్లిపాలెంలో దొరికింది చోటు. వలలు ఆరేసిన వాకిలి, రెండు గదుల ఇల్లు. మంచినీళ్ళు అడుగుదామని ఆగాం. ఆ ఇంటావిడ అమ్మను చూసి, "ఆయ్, రండి మామ్మగారూ, ఎంతసేపు నిలబడతారు" అని నులకమంచం వాల్చింది. రాత్రికి ఉండమంది. అద్దె ఎంతని అడిగాను. "అద్దెకైతే లాడ్జీలున్నాయి కదండీ" అంది. కోపం లేదు ఆ మాటలో, కానీ నాకు తగిలింది.

నన్ను తొలిచింది మరొకటి. భారతం అరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థాల గురించి చెబుతాడు. దానం పట్టనివాడికి, ఉన్నదానితో తృప్తి పడేవాడికి, అహంకారం విడిచినవాడికి తీర్థఫలం దక్కుతుందంటాడు. భీష్ముడి పేరున్న ఏకాదశికి వెళ్తూ మొదటి నియమమే తప్పుతున్నానే అనుకున్నాను. మాకు అన్నం పెట్టే ఇంట్లో మగవాళ్ళు సముద్రం మీదికి పోతేనే పొయ్యి వెలుగుతుంది. వేసవిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం. అలాంటి ఇంటి కూడు ఉచితంగా తినవచ్చా?

చీకట్లో అమ్మ చెప్పింది. బాళగనూరు వచ్చిన మొదటి వానాకాలం, గుడిసె వేసుకోకముందు, ఒక లింగాయతు రైతు కొట్టం పంచలో పడుకున్నారట. ఆ ఇల్లాలు జొన్నరొట్టె చేతిలో పెట్టి అడిగింది ఒకటే, "ఊట ఆయ్తా?" అన్నం తిన్నారా అని. భాష రాని నాన్న తలూపాడట. "మీ నాన్న కూడా డబ్బులివ్వబోయాడు, ఆవిడ నొచ్చుకుంది" అంది అమ్మ.

బసవన్న పన్నెండో శతాబ్దంలో చెప్పిన జంగమం ఇదే కాబోలు. నిలిచిన గుడి స్థావరం, నడిచి వచ్చే మనిషి జంగమం. గడప దగ్గరికి వచ్చినవాడిలో శివుణ్ణి చూసి పెట్టేదాన్ని దాసోహం అంటారు తప్ప దానం అనరు. పుచ్చుకునేవాడిని అది తక్కువ చేయదు. పుచ్చుకోనని బిగుసుకోవడంలోనే అహంకారం ఉంది. పులస్త్యుడి మొదటి నియమాన్ని పట్టుకుని మూడోదాన్ని తప్పబోయాను నేను. అసలు అంతర్వేది స్వామి కూడా అక్కడికి వచ్చి దిగినవాడే. వసిష్ఠుడు వేడుకుంటే వచ్చి, హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుణ్ణి చంపి, ఆ మహర్షి కోరితే అక్కడే ఉండిపోయాడని స్థలపురాణం.

ఆ రాత్రి చేపల పులుసు వాసన, తడి వల వాసన, గోడ అవతల పసిబిడ్డ ఏడుపు. నాకు నిద్ర పట్టలేదు. అమ్మ మాత్రం సముద్రం వైపు తిరిగి పడుకుని, తెల్లవారుజాము వరకు కదల్లేదు. మర్నాడు రథం చూశాం. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది, ఇది 2021లో వచ్చిన కొత్తది. అమ్మకు ఆ తేడా పట్టలేదు, చేతులు దించకుండా నిలబడింది. బయల్దేరేటప్పుడు మా పొలం సోనా మసూరి బియ్యం సంచీ ఆ ఇంట్లో పెట్టాం. ఆవిడ వద్దనలేదు. ఎండుచేపల పొట్లం ఒకటి అమ్మ ఒళ్ళో పెట్టింది.

వచ్చే మాఘంలో మా క్యాంపుల నుంచి, ఇంకెక్కడి నుంచైనా తీర్థానికి వెళ్ళేవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. గది ఇచ్చే ముందు కులం అడిగే చోట దిగకండి, అది మీ కులం సత్రమే అయినా సరే.