ఆమె పేరు ఎవరిది?

2019 నవంబరు 28న నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. ఒక అమ్మాయి ముఖం, కింద ఆమె పేరు. నిమిషం కూడా ఆలోచించకుండా దాన్ని మా హాస్టల్ స్నేహితుల గ్రూపులో పెట్టాను. మేం ముప్ఫై రెండు మందిమి, అందరం ఆడవాళ్లమే. ఫోటో పైన 'మా ఇంటి పక్కనే' అని రాశాను. మా ఇల్లు శంషాబాద్‌లో. ముందు రోజు రాత్రి ఆ యువ డాక్టరు తన స్కూటర్ కోసం వచ్చిన తొండుపల్లి టోల్‌గేట్ మీదుగానే నేను అప్పట్లో యూనివర్సిటీకి వెళ్లి వస్తుండేదాన్ని. ఆమె మీద అత్యాచారం చేసి చంపి, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాల్చేశారన్న వార్త విన్నాక నా చేతులు వణికాయి. ఆ వణుకుతోనే ఫోటో పంపాను.

సాయంత్రం అమ్మ నా ఫోన్‌లో ఆ ఫోటో చూసింది. "గీ పిల్ల ఫోటో నువ్వెందుకు పంపినవ్ బిడ్డా?" అని అడిగింది. అందరికీ తెలియాలి కదా అన్నాను. "తెలిసి ఏం జేస్తరు? రేపు నీ ఫోటో గిట్ల తిరిగితే నేను సూడగల్గుతనా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. తెలియక చేసిన పని కాదిది. అత్యాచారానికి గురైన స్త్రీ వివరాలు బయటపెట్టడం నేరమని 1983 నుంచీ భారత శిక్షాస్మృతిలో 228-ఎ సెక్షన్ ఉంది. రెండేళ్ల దాకా జైలు శిక్ష వేయవచ్చు. 2024 జూలై నుంచి అదే నియమం భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ అయింది. ఆమె మరణించినా పేరు వెల్లడించకూడదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ తెలిసీ పంపాను.

కొద్ది రోజులకు సైబరాబాద్ పోలీసులు ఆమెను 'దిశ' అని పిలవమన్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. న్యాయం చేయాలన్న నినాదంలోనే ఆమె అసలు పేరు దేశమంతా తిరిగింది. అదే పేరును అశ్లీల సైట్లలో వెతికారని పత్రికల్లో వచ్చింది. మనం కన్నీళ్లతో పంపిన పేరే వాళ్ల చేతికీ అందింది. దుఃఖానికి ఒక పేరూ, చూపుల ఆకలికి మరో పేరూ ఉండవు కదా.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. పేరు దాచమనడం అంటే సిగ్గు ఆమెదేనని ఒప్పుకోవడం కాదా? స్త్రీవాదులుగా మనం ఇన్నేళ్లూ దీనికి ఎదురు చెబుతూనే ఉన్నాం. ఢిల్లీలో 2012లో అత్యాచారానికి గురై చనిపోయిన అమ్మాయిని దేశమంతా 'నిర్భయ' అంది. 2015 డిసెంబరులో ఆమె తల్లి బహిరంగ సభలో కూతురి అసలు పేరు పలికింది, ఆ పేరు చెప్పడానికి తనకు సిగ్గు లేదంది. నేరం చేసినవాళ్లు తలదించుకోవాలి కానీ మేమెందుకు దించుకోవాలన్న ఆ తల్లి ప్రశ్నకు ఎదురు చెప్పేదెవరు? చట్టం పేరును కాపాడుతుంది, నిజమే. కానీ ఒక్కోసారి ఆ పేరును సొంత మనుషుల నోటినుంచి కూడా లాక్కుంటుంది. అయినా ఆ తల్లి పలకడమూ నేను పంపడమూ ఒకటి కావు. ఆమెకు ఆ పేరుతో కడుపుతీపి ఉంది, మాట్లాడాలన్న నిర్ణయం ఉంది, దాని ఫలితాన్ని మోసే భారమూ ఉంది. నాకు ఉన్నదల్లా ఫోను.

మన నగరానికి ఇది కొత్త అనుభవం కాదు. 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారు. వాళ్ల దెబ్బలకు ఆమె భర్త చనిపోయాడు. హైదరాబాద్ భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కానీ విచారణ పొడవునా ఆమెకు ఎన్ని పెళ్లిళ్లయ్యాయి, ఎలాంటి మనిషి అనే ప్రశ్నలే నడిచాయి. కేసు కర్ణాటకలోని రాయచూరుకు వెళ్లింది, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె పేరు మనందరికీ తెలుసు, ఉద్యమ చరిత్రలో అది నిలిచిపోయింది. ఆ పేరు ఉద్యమానికి ఎంతో ఇచ్చింది. ఆమెకు మనం ఏం ఇవ్వగలిగాం?

అదే 1978లో హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన పుట్టింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలతో 1986లో ఆ సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదవకపోతే నేను పరిశోధనవైపు వచ్చేదాన్ని కాదు. చెప్పుకోవడం మన ఉద్యమానికి పునాది. పక్కామె చెప్పిన కథలో మన కథ వినబడినప్పుడే వ్యక్తిగతం అనుకున్నది రాజకీయం అని తెలిసింది. కాబట్టి 'ఎవరికీ ఏమీ చెప్పకండి' అన్న సలహా నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

కానీ చెప్పుకున్నాక ఏమవుతుందో మా గ్రూపులోనే చూశాను. దిశ ఘటన తర్వాత వారం రోజులపాటు మేమంతా రాసుకున్నాం. బస్సుల్లో, ఇళ్లలో, చదువుకున్న చోట జరిగినవి ఒక్కొక్కరూ బయటపెట్టారు. ఒక స్నేహితురాలు పంతొమ్మిదో ఏట దగ్గరి బంధువు వల్ల తనకు జరిగింది రాసింది, మొదటిసారిగా. అందరం ఏడ్చాం, నీ తప్పేం లేదే అన్నాం. నెల తిరక్కుండా ఆ మాటలు స్క్రీన్‌షాట్‌గా ఆమె అత్తగారింట్లో తేలాయి. మాలో ఒకరు 'పాపం చూడండి' అని ఇంట్లోవాళ్లకు పంపారు, వాళ్లు ఇంకెవరికో పంపారు. ఎవరికీ ఆమె మీద పగ లేదు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే. ఆమె గ్రూపులోంచి వెళ్లిపోయింది. నేను ఫోన్ చేస్తే, "నేను మీకు చెప్పుకున్నానే. మీరు ఏడ్చారు కూడా. ఏడుస్తూనే పంపేశారు" అంది. అది పంపింది నేను కాదు. అయితే తొండుపల్లి ఫోటో పంపింది నేనే. రెండింటికీ తేడా ఏమిటో నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ఇలాంటిది జరిగినప్పుడల్లా ఉపదేశం ఆడవాళ్లకే వస్తుంది. ఫోటోలు పెట్టకండి, సొంత విషయాలు రాయకండి, ఎవరినీ నమ్మకండి. దిశ చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చేసి ఉండాల్సిందని అప్పటి హోం మంత్రి అన్నదీ ఈ కోవలోదే. 2021 జూలైలో, మళ్లీ 2022 జనవరిలో ముస్లిం స్త్రీల ఫోటోలు తీసి వేలం పేరుతో యాప్‌లలో పెట్టారు. ఆ ఫోటోలేవీ రహస్యాలు కావు. జర్నలిస్టులుగా, రచయితలుగా, ఉద్యోగినులుగా వాళ్లు తమ ముఖంతో లోకంలో నిలబడ్డారు, అంతే. ముఖం చూపించడం తప్పని ఎలా అంటాం? పరదాకు కొత్త పేరు పెట్టి భద్రత అంటే ఒప్పుకుందామా?

అమెరికన్ తత్వవేత్త హెలెన్ నిస్సెన్‌బామ్ 2004లో ఒక వ్యాసంలో ఈ ముడి విప్పే దారి చూపించింది. ఏ సమాచారమూ పూర్తిగా రహస్యమూ కాదు, పూర్తిగా బహిరంగమూ కాదు. అది ఏ సందర్భంలో, ఎవరి మధ్య, ఏ మర్యాదతో చేతులు మారిందన్నదే అసలు సంగతి. డాక్టరుకు చెప్పింది యజమానికి చేరితే, అక్షరం మారకపోయినా అన్యాయమే. మా విమానాశ్రయంలో షిఫ్టుల్లో పనిచేసే ఒకమ్మాయి రాత్రి భద్రత కోసం తన ఫోన్ లొకేషన్ అన్నకు ఇచ్చింది. ఇప్పుడతను "శంషాబాద్ బస్టాండ్‌లో పది నిమిషాలు ఎందుకు ఆగినవ్?" అని పగటిపూట కూడా అడుగుతున్నాడు. ఆమె ఇచ్చింది రక్షణకు, అతను వాడుతున్నది కాపలాకు.

ఈ సంగతి చెప్పడానికి మన భాషలో ఎప్పటినుంచో ఒక మాట ఉంది, కడుపులో పెట్టుకోవడం. మా అమ్మమ్మ దగ్గర వాడకట్టులోని ఆడవాళ్లంతా గోడు వెళ్లబోసుకునేవారు. ఆమె కడుపులో పెట్టుకునేది. నిజమే, ఈ మాటతోనే ఎన్నో ఇళ్లలో నేరాలను కప్పెట్టారు. 'కడుపులో పెట్టుకోవే, ఇంటి పరువు' అని బాధితురాలికే చెప్పారు. అది నేరస్తుడి కోసం అడిగే మౌనం. నేనడిగేది చెప్పినామె కోసం విన్నవాళ్లు పాటించే మౌనం. ఆమె మాట్లాడదామన్న రోజున పక్కన నిలబడటమూ ఇందులో భాగమే. చెప్పుకోవడంలోని ప్రమాదం చెప్పినామెలో లేదు, విన్న మనలో ఉంది. కాబట్టి జాగ్రత్త పడాల్సిందీ మనమే.

ఆమె ఫోటో రేపిన కోపం ఎక్కడికి వెళ్లిందో కూడా చెప్పుకోవాలి. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులను చటాన్‌పల్లిలోనే పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. ఉద్దేశపూర్వకంగానే వాళ్ల మీద కాల్పులు జరిపారనీ, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లనీ జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ చెప్పింది. 2022 మేలో ఆ నివేదిక బయటికొచ్చింది. ఆమె ముఖాన్ని ముందు పెట్టుకుని ఊరేగిన ఆ న్యాయం ఆమెకు సమ్మతమేనా అని అడిగే వీలు ఎవరికీ లేదు. తన గురించి మాట్లాడే అవకాశం లేని మనిషి వివరాలు పంచడంలో ఉన్న అన్యాయం ఇదే. మనం ఏం చేసినా ఆమె కాదనలేదు.

నా ఫోన్‌లోంచి ఆ ఫోటో ఎప్పుడో తీసేశాను. ముప్ఫై ఒక్క ఫోన్లలోంచి, అక్కణ్ణుంచి వెళ్లినచోట్ల నుంచి తీయలేను. స్నేహితురాలికి క్షమాపణ చెప్పాను. ఆమె విన్నది, తిరిగి గ్రూపులోకి రాలేదు. ఈ వ్యాసంలో ఆమె కథ రాయవచ్చా అని అడిగితే రెండు రోజుల తర్వాత, "ఊరు, వృత్తి రాయకు" అంది. రాయలేదు.

క్రితం ఏడాది తరగతిలో ఈ విషయం వచ్చినప్పుడు ఒక విద్యార్థిని, "మేడమ్, దిశ అసలు పేరేంటి?" అని అడిగింది. ఆమె చేతిలో ఫోనుంది, అర నిమిషంలో దొరుకుతుంది. నాకు తెలుసమ్మా, చెప్పను అన్నాను. కాసేపాగి, "నేనూ వెతకను లెండి మేడమ్" అని ఫోన్ సంచిలో పెట్టేసింది.