శ్రమకు స్వాగతం, బిడ్డకు నిరాకరణ

పరదేశానికి పనికోసం పోయే మనిషి వెంట కుటుంబం వుంటుంది. ఆ కుటుంబంలో నడవలేని బిడ్డో, మాటలు రాని బిడ్డో వుంటే, అక్కడి సమాజానికి ఆ బిడ్డ యెడల బాధ్యత వున్నదా, లేదా? దీనిని దయాదాక్షిణ్యాల విషయంగా చూడడం మనకు అలవాటు. నిజానికిది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

ఆస్ట్రేలియాను తీసుకొందాం. మనవారెందరో మెల్‌బోర్న్, సిడ్నీలలో పనిచేస్తున్నారు గనుక ఇది మనకు దూరపు విషయమేమీ కాదు. అక్కడ శాశ్వత నివాసం కోరే కుటుంబంలో ప్రతి ఒక్కరూ ఆరోగ్య నిబంధనకు లోబడాలి. సాధారణంగా ఒకరు తప్పితే అందరూ తప్పినట్లే. బిడ్డకు కాగల వైద్య, సహాయక సేవల ఖర్చు ఒక హద్దు దాటిందంటే దరఖాస్తుకు నూకలు చెల్లినట్లే. 2024 జూలైలో ఆ హద్దును 51,000 ఆస్ట్రేలియన్ డాలర్లనుంచి 86,000కు పెంచారు. హద్దు జరిగింది గాని సూత్రం జరగలేదు. ఆ బిడ్డ సేవలను నిజంగా వాడుకొంటాడా అని ఎవరూ అడగరు. అదే వైకల్యం, అదే తీవ్రత వున్న ఒక ఊహాకల్పిత వ్యక్తికి ఎంత ఖర్చవుతుందో లెక్కకడతారు. తల్లిదండ్రులు కట్టే పన్ను ఆ లెక్కలోకి రాదు. కొన్ని వీసాలకు మినహాయింపు కోరే వీలున్నది, అన్నిటికీ లేదు.

ఇంకొక విచిత్రం చూడండి. 2013 చట్టంతో ఏర్పడిన జాతీయ వైకల్య బీమా పథకం, తాత్కాలిక వీసాపై పనికి వచ్చినవారి బిడ్డలకు వర్తించదు. శాశ్వత నివాసం లేదు గనుక ఇవాళ సేవ లేదు. రేపు సేవ అడుగుతాడు గనుక శాశ్వత నివాసం లేదు! వైకల్యం పేరిట వివక్ష తగదని 1992లో చట్టం చేసిన దేశమే, వలస చట్టపు నిబంధనలను దాని పరిధినుంచి తప్పించుకొన్నది.

2008లో విక్టోరియా రాష్ట్రంలోని హార్షాం పట్టణంలో పనిచేసే ఒక జర్మన్ వైద్యునికి, కొడుకుకు డౌన్ సిండ్రోమ్ వున్నదని శాశ్వత నివాసం నిరాకరించారు. ప్రజలు గగ్గోలు పెట్టగా మంత్రి జోక్యం చేసుకొని మంజూరు చేశాడు. మంచిదే. కాని ఆ తండ్రి డాక్టరు కాక వంటవాడైతే ఊరు అంతగా కదిలేదా? పలుకుబడిని బట్టి దొరికేదానిని హక్కు అనలేము.

వనరులకు పరిమితి లేదా, సొంత పౌరులే సేవలకు ఎదురుచూస్తుంటే ఎలా, అని ఒక వాదమున్నది. కొట్టివేయదగిన వాదం కాదిది. అయితే ఆ వనరులు పుట్టింది ఎవరి శ్రమలో? రాబడిని దాచి ఖర్చునే చూపే పద్దును నిజాయితీగల పద్దు అంటామా?

కెనడాలో 2005లో సుప్రీంకోర్టు కుటుంబపు ఆర్థిక స్తోమతను కూడ చూడాలని తీర్పు చెప్పింది. అది ముందడుగే. కాని ఆ తలుపు డబ్బున్నవాని బిడ్డకే తెరుచుకొంటుంది. 2018లో అక్కడి ప్రభుత్వం హద్దును మూడింతలు చేసి, ప్రత్యేక విద్యను భారంగా లెక్కించడం మానుకొన్నది. ప్రకృతి ధర్మంలా కనిపించిన నియమం మనుషులు రాసిన నియమమేనని దీనితో తేలింది. మనుషులు రాసినదానిని మనుషులు మార్చవచ్చు.

మనం మాత్రం తీర్పరుల పీఠమెక్కి కూర్చోనక్కరలేదు. మన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చేతిలో ధృవపత్రమున్నా, పల్లెటూరి బిడ్డకు మాట నేర్పే చికిత్సకు తల్లి బస్సెక్కి పట్నం పోవలసిందే. అక్కడైనా ఇక్కడైనా ప్రశ్న ఒక్కటే: తల్లిదండ్రుల చేత పని చేయించుకొన్న సమాజం, ఆ బిడ్డను తన బిడ్డగా ఒప్పుకొంటుందా?