కొలత తెలిసిన పడవ

విహారమునకై మోటారుపడవను కొనదలచినవాడు చిన్నదానిని గైకొనవలెనా, పెద్దదానిని గైకొనవలెనా యను ప్రశ్న పైకి వట్టి బేరసారముల విషయమువలె తోచునుగాని, కొంత లోతునకు దిగి విచారించినచో అపరిగ్రహమును, అనగా అవసరమునకు మించి కూడబెట్టకుండుటను గూర్చిన ప్రశ్నయే యగును. పతంజలి యమములైదింటిలో అపరిగ్రహము నొకటిగా చెప్పెను. ఎంతవరకు పరిగ్రహింపవచ్చునో అడుగులలో కొలిచి చెప్పలేదు.

మిచిగన్ సరస్సు దక్షిణతీరమున నివసించు గృహస్థు నొకని ఊహింతము. అతని యెదుట 18 అడుగుల పడవ యొకటి, 24 అడుగుల పడవ యొకటి కలవు. చిన్నదానిని ఇంటి ముంగిట ట్రెయిలరుపై నిలిపి, మనసు పుట్టినప్పుడు కారు వెనుక తగిలించి, ఏ చిన్న సరస్సునకైనను కొనిపోయి గడియలో నీట దింపవచ్చును. పెద్దదానికి రేవులో అద్దెచోటు కావలెను. ఇంధనము మిక్కుటముగా కావలెను. శీతకాలమున రేవు గడ్డకట్టకమునుపే ఒడ్డునకెత్తించి, కప్పించి, భద్రపరచుటకు వేరొక వ్యయము కావలెను.

ఇంతమాత్రమున చిన్నదే వైరాగ్యమునకు గుర్తని తీర్పు చెప్పుట తొందరపాటు. ఆ సరస్సు పొడవు ఇంచుమించు 490 కిలోమీటర్లు. ఉత్తరపుగాలి ఆ పొడవెల్ల అడ్డులేక వీచినపుడు దక్షిణమున లేచు కెరటములు నిటారై, దగ్గరదగ్గరగా ఒకదానివెంట నొకటి వచ్చును. చిన్నపడవ ముక్కు ఒక కెరటమునుండి దిగి లేచులోపలనే రెండవది మీద పడును. బరువును, అంచుల ఎత్తును, కోణాకారమగు లోతైన అడుగును గల పెద్దపడవ దానిని చీల్చుకొని పోవును. ఆలుబిడ్డల నెక్కించుకొని అట్టి నీటిపైకి పోవుచు, నిరాడంబరత పేర చిన్నదానిని కొనుట త్యాగము కాదు. త్యాగి ననిపించుకొనవలెనను అహంకారము.

అమెరికా శాసనములో నిచ్చట నొక విశేషము కలదు. 1971 నాటి పడవల భద్రతాచట్టము ననుసరించి యేర్పడిన నియమముల ప్రకారము, 20 అడుగులకు లోబడిన మోటారుపడవలో నడుపువాని కంటబడునట్లు చిన్న ఫలకము నొకదానిని బిగింపవలెను. ఎందఱెక్కవచ్చునో, ఎన్ని పౌనుల బరువు మోయునో, వెనుక తగిలించు ఇంజను ఎన్ని అశ్వశక్తులకు మించరాదో దానిపై వ్రాసియుండును. అంతకు పెద్దపడవలకు ఈ నిర్బంధము లేదు. అల్పసంపదకు హద్దును పరులు వ్రాసి యిత్తురు. అధికసంపదకు హద్దును సంపన్నుడే వ్రాసికొనవలెను.

ఆ వ్రాసికొనుటయే కష్టము. ఎంత పడవ కొనినను ఇంకొక రెండడుగు లుండిన బాగుండునని తోచునని పడవలవారే తమలో తాము పరిహాసమాడుకొందురు. పూరుని యౌవనము నరువు దెచ్చుకొని వేయేండ్లు సుఖించిన యయాతి, భోగముచే కోరిక చల్లారదని తుదకు గ్రహించి, ఆ యౌవనమును కొడుకునకు మరల నిచ్చివేసెను. అప్పుచేసి పెద్దపడవను కొనినవాడు రేవు అద్దెను ఎవనికి ఒప్పగించును?

కావున కొనువాడు మొదట తాను పోవు నీటిని, తనతో వచ్చు మనుష్యులను లెక్కింపవలెను. ఎండకాలమెల్ల లోతట్టు సరస్సులలో చేపలు పట్టుచు గడపువానికి 18 అడుగులు చాలును. మహాసరస్సుపై బిడ్డలతో పోవువానికి 24 అడుగులు కర్తవ్యమే యగును. ఎన్నడును రాని అతిథులకొఱకు, పొరుగువాని చూపుకొఱకు పెంచిన ప్రతి యడుగును పరిగ్రహమే. ఆ యడుగులను తీసివేయగా మిగిలిన పొడవే ఎవరికి తగిన పడవ వారికి.