తల్లి హక్కు దానం కాదు

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు దుకాణాలు మూతపడ్డాయి, కూలీలకు పనులు లేకుండా పోయాయి. ఆ రోజుల్లోనే రమజాన్ మాసం వచ్చింది. అప్పుడు ఒక సోదరుడు మమ్మల్ని ఇలా అడిగారు: “వ్యాపారం నిలిచిపోయింది. దాచుకున్న సొమ్ముపై జకాత్ చెల్లించాలి. ఊళ్ళో ఉన్న అమ్మకు నెలనెలా డబ్బు పంపాలి. ఈసారి అమ్మకు పంపేదాన్నే జకాత్‌గా లెక్కవేసుకోవచ్చా?”

కూడదని చెప్పాము. ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన లోభి ఏమీ కారు. చేతిలో డబ్బు తగ్గినప్పుడు ఇలాంటి ఆలోచన మనలో ఎవరికైనా వస్తుంది. అయినా ఇది సరైనది కాదు.

తల్లిదండ్రులకు జకాత్ సొమ్ము ఇవ్వరాదని ధర్మవేత్తలు చెప్పారు. ఎందుకు? తల్లి పేదరాలైతే ఆమెను పోషించడం స్తోమత గల కొడుకు విధి. ఆ విధిని జకాత్‌తో నెరవేర్చడమంటే తన బాకీని పేదల సొమ్ముతో తీర్చుకోవడమే. జకాత్ మన ధనంలో పేదల హక్కు. పోషణ తల్లి హక్కు. ఒకరి హక్కును మరొకరికిచ్చి ఇద్దరికీ ఇచ్చామనుకోవడం ఆత్మవంచన. పైగా, బలహీనతపై బలహీనతను భరిస్తూ మనల్ని మోసిన తల్లి, కొడుకు గుమ్మం ముందు దానం పుచ్చుకునేదిగా మిగలాలా?

దీనికి మరో వైపు కూడా ఉంది. వీధిలో రేషన్ సంచులు పంచి ఫోటోలు దిగేవారి ఇంట్లో తల్లి మందుల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంకొందరు తల్లి ఖర్చును సాకుగా చూపి పొరుగువారిని మరచిపోతారు. ఎవరికి ఖర్చుపెట్టాలో చెబుతూ దివ్య ఖుర్‌ఆన్ (2:215) తల్లిదండ్రులతో మొదలుపెట్టింది, కాని అక్కడే ఆగలేదు. బంధువులను, అనాథలను, నిరుపేదలను, బాటసారులను కూడా పేర్కొంది. కూర వండేటప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికీ పంపమని దైవప్రవక్త (స) బోధించారు. కనుక కలిమి లేదన్నది సాకు కాజాలదు.

ఆ సోదరునితో చివరికి ఇలా అన్నాము: “బంధువుల్లో అక్కరగలవారు ఎవరైనా ఉన్నారా?” భర్తను పోగొట్టుకుని, బట్టలు కుడుతూ పిల్లల్ని పోషిస్తున్న పినతల్లి (ఖాలా) ఉన్నారని చెప్పారు. ఆమెకు జకాత్ ఇవ్వవచ్చు. పేద బంధువుకు ఇస్తే దానపుణ్యం, బంధుత్వ పుణ్యం రెండూ లభిస్తాయి. ఖాలా తల్లితో సమానమని దైవప్రవక్త (స) సెలవిచ్చారు కూడా. చెల్లెలి ఇంట పొయ్యి వెలిగితే తల్లి మనసు కుదుటపడదా?

సోదరులారా! చేతిలో ఉన్నది కొంచెమే కావచ్చు. అందులో తల్లి వాటాను తల్లికి, పేదల వాటాను పేదలకు చేర్చుదాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.