గింజలోని బలము, తల్లి చేయి

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలలో సజ్జ మనకు క్రొత్త కాదు. ఇనుము హెచ్చుగా నుండు ధనశక్తి అను సజ్జ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞుల కృషివలన మహారాష్ట్రలో విడుదలయ్యెను. ఆ గుణము విత్తనములోనే యున్నది. ఇనుము కొదువైన బిడ్డకు దేహముతోపాటు మనస్సును నీరసించును. చదువుపై ధ్యాస నిలువదు.

అట్లని మంచి తిండియే చాలునందుమా? ఆసుపత్రి మంచముపై తల్లి కానరాక వణకు బిడ్డ భయమును ఏ గింజయు తీర్చదు. యాయీరు కుమార్తె యున్న గదిలోనికి ప్రభువు ఆమె తలిదండ్రులను వెంటబెట్టుకొని పోయెను. ఆమె లేచిన తరువాత ఆహారము పెట్టుమనెను (మార్కు 5). రెంటిలో దేనిని ఆయన విడువలేదు.

పొరుగు బిడ్డ ఆసుపత్రిలో నుండగా మనము ప్రార్థించి ఊరకుందుమా? ఆ యింటి గేదెకు మేతవేసి, తల్లిని బిడ్డయొద్ద కూర్చుండనిత్తము.